కోర్టు ఆర్డరు చూపించగానే సైటు వాళ్లదైపోదు

విశాఖలో సైటు కొనడానికెళ్తే ఈమధ్య లింకు డాక్యుమెంట్ల (ఆ స్థలం చేతులు మారిన పాత పత్రాల) కన్నా ముందు లామినేషన్ చేసిన పాత కోర్టు ఆర్డరు చేతిలో పెడుతున్నారు. "ఎప్పుడో గెలిచేశామండి, ఇంకెవడూ వేలు పెట్టలేడు" అంటారు. మధురవాడ దగ్గర మా బాబాయ్ రిటైర్మెంట్ డబ్బులు పెట్టి 167 గజాలు అలాగే కొన్నాడు. తర్వాత లాయరు చదివి చెప్తే తెలిసింది, అది ఉత్త ఇంజంక్షన్ డిక్రీ అని. అప్పట్లో స్వాధీనంలో ఉన్న మనిషి జోలికి ఫలానా మనిషి వెళ్లొద్దని చెప్పిందంతే, ఓనరు ఎవరన్నది అందులో తేల్చనేలేదు.

పాత తీర్పుకి కట్టుబడాలా అంటే కచ్చితంగా కట్టుబడాలి, కానీ అది దేన్ని తేల్చిందో, ఎవరి మధ్య తేల్చిందో అంతవరకే. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 11 చెప్పేది అదే, పార్టీలు వాళ్లే అయ్యుండాలి లేదా వాళ్ల దగ్గర్నుంచి హక్కు వచ్చినవాళ్లు అవ్వాలి, ఇష్యూ అదే అవ్వాలి, ఆ కోర్టుకి తేల్చే అధికారం ఉండాలి, విచారించి ఫైనల్‌గా తేల్చి ఉండాలి. సర్వే నంబరు ఒకటే అయినంత మాత్రాన ఆ కేసులో లేని మూడో మనిషి హక్కు పోదు. టైటిల్ మీద, అంటే ఓనరు ఎవరన్నదాని మీద గట్టి వివాదం ఉంటే ఉత్త ఇంజంక్షన్ దావా చాలదు, ఓనరు నేనేనని కోర్టు ప్రకటించాలంటూ డిక్లరేషన్ అడగాల్సిందేనని సుప్రీంకోర్టు 2008లోనే స్పష్టంగా చెప్పింది. ఆంధ్రప్రదేశ్ 1982 భూ ఆక్రమణల నిషేధ చట్టంలో స్పెషల్ కోర్టు తీర్పు ఆ భూమిలో ఆసక్తి ఉన్న అందరికీ వర్తిస్తుందని ప్రత్యేకంగా రాయాల్సొచ్చిందంటేనే మామూలు సివిల్ డిక్రీకి ఆ బలం లేదని అర్థం కావట్లేదా?

ఇలాగైతే కేసులకి అంతు ఉండదు, తాతల నాటి గొడవ మనవళ్లు కూడా మోయాలి అనేవాళ్లున్నారు. వాళ్ల బాధ నిజమే. కానీ నోటీసే అందని మనిషి ఆస్తిని అతని వెనకాల తేల్చేసి దాన్ని ముగింపు అంటే ఎలా?

నా అసలు కోపం ఇంకోచోట ఉంది. కేసు నడుస్తుండగా కొన్నవాడికి విషయం తెలిసినా తెలియకపోయినా ఆ తీర్పు వర్తిస్తుంది, ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 52 అది. సరే, మరి దావా ఉందని కొనేవాడికి చెప్పేదెవరు? రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీస్తే అమ్మకాలు, తనఖాలు వస్తాయి, దావా నంబరు కనపడాలన్న రూలు మనకి లేదు. బొంబాయి ప్రావిన్సులో 1939లోనే చట్టం సవరించి దావా నోటీసు రిజిస్టర్ చేయాలన్నారు, ఇప్పటికీ మహారాష్ట్ర, గుజరాత్‌లలో అది నడుస్తోంది. మనం 2022లో భూమి ఎవరిదో రిజిస్టర్లలోనే తేల్చే ల్యాండ్ టైట్లింగ్ చట్టం తెచ్చి 2024లో రద్దు చేశాం, రద్దు చేయడం కరెక్టే, సివిల్ కోర్టుల్ని పక్కనపెట్టే చట్టం వద్దు. కానీ అందులో వివాదాలకి వేరే రిజిస్టరు పెట్టాలన్న ఒక్క ఆలోచనని ఉంచుకోవాల్సింది.

ప్రభుత్వం చేయాల్సింది పెద్ద చట్టమేం కాదు, దావా నంబరు పడగానే కోర్టు నుంచి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి సమాచారం వెళ్లి, ఆ సర్వే నంబరు ఈసీలో ఒక లైను ఎక్కాలి. బాబాయ్ కొనేముందు ముప్పై ఏళ్లకి ఈసీ తీయించాడు, క్లీన్‌గా వచ్చింది. ఆ సర్వే నంబరు మీద టైటిల్ దావా అప్పటికే విశాఖ కోర్టులో వాయిదాల మీద నడుస్తోంది.