ఔటర్ ఎక్కనివ్వని ఊళ్లో టూరింగ్ బైకు ఎంపిక

హైదరాబాద్‌లో దూర ప్రయాణాల కోసం కాస్త గట్టిగా ఖర్చు పెట్టి బండి కొనదలచినవారిలో చాలామంది చివరికి రెండు పేర్ల దగ్గర ఆగుతున్నారు. రెండూ రాయల్ ఎన్‌ఫీల్డ్‌వే. ఒకటి 2023 జనవరిలో మన మార్కెట్లోకి వచ్చిన సూపర్ మీటియర్ 650, రెండోది అదే ఏడాది నవంబరులో వచ్చిన హిమాలయన్ 450. నా తీర్పు ముందే చెబుతాను. ఈ నగరంలో నివసిస్తూ, ఇక్కడి నుంచే బయలుదేరి, ఇక్కడికే తిరిగి రావలసిన రైడర్‌కు తగిన బండి హిమాలయన్. అలా అనడానికి నేను లద్దాఖ్ కనుమల ఊసు ఎత్తబోవడం లేదు. నా కారణం మన ఊరి చుట్టూ 158 కిలోమీటర్ల పొడవున పరుచుకుని ఉంది, దాని పేరు ఔటర్ రింగ్ రోడ్డు.

సాంకేతిక వివరాలు ఆసక్తి ఉన్నవారికి ఈపాటికి కంఠతా వచ్చే ఉంటాయి కనుక వాదనకు అవసరమైనంతే చెబుతాను. సూపర్ మీటియర్‌లో 648 సీసీ జంట సిలిండర్ల ఇంజను ఉంది, అది 47 పీఎస్ (అశ్వశక్తి వంటి కొలమానం) శక్తిని, 52 న్యూటన్ మీటర్ల టార్క్‌ను, అంటే చక్రాన్ని తిప్పే బలాన్ని ఇస్తుంది. బరువు 241 కిలోలు, సీటు ఎత్తు 740 మిల్లీమీటర్లు, గ్రౌండ్ క్లియరెన్స్ 135 మిల్లీమీటర్లు. హిమాలయన్‌లోని 452 సీసీ ఒంటి సిలిండర్ ఇంజను 40 పీఎస్, 40 న్యూటన్ మీటర్ల దగ్గర ఆగుతుంది. బరువు 196 కిలోలు, సీటు 825 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటుంది, నేలకూ ఇంజను అడుగుకూ మధ్య 230 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది. కాగితం మీద చూస్తే పెద్ద ఇంజను, తక్కువ ఎత్తు సీటు, వెనుక కూర్చునేవారికి వీపు ఆనించుకునే ఏర్పాటుతో సహా దొరికే టూరింగ్ వేరియంటు, ఇవన్నీ ఉన్న సూపర్ మీటియర్‌దే పైచేయి అనిపిస్తుంది.

కానీ ఏ బండి అయినా ఒక రకం రోడ్డును మనసులో పెట్టుకుని రూపొందుతుంది. కాళ్లు ముందుకు చాపి, వెన్ను నిటారుగా ఉంచి, టాప్ గేరులో వందకు అటూ ఇటూగా గంటల తరబడి సాగిపోయే క్రూయిజర్ ఊహించుకునేది నున్నటి, వెడల్పాటి, అడ్డుకూడళ్లు లేని రోడ్డును. హైదరాబాద్‌లో అలాంటి రోడ్డు లేకపోలేదు. ఎనిమిది వరుసల ఔటర్ సరిగ్గా అలాంటిదే, దాని మీద గరిష్ఠ వేగ పరిమితి గంటకు 120 కిలోమీటర్లు. అయితే దాని మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పొడవున ఉన్న పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే మీదికీ రానివ్వరు. అంటే సూపర్ మీటియర్ ఏ రోడ్డు కోసం పుట్టిందో ఆ రోడ్డు దానికి నిషిద్ధం. ఈ సంగతిని పట్టించుకోకుండా రెండు బండ్లనూ పోల్చే సమీక్షలు ఏ ఊరివారికైనా పనికి రావచ్చేమో గానీ మన ఊరివారికి పనికిరావు.

దీని పర్యవసానం ఎలా ఉంటుందో కూకట్‌పల్లిలో ఉంటూ విజయవాడ వైపు వెళ్లివచ్చే మనిషిని తీసుకుని చూద్దాం. కారున్న పొరుగింటాయన తిరుగు ప్రయాణంలో పెద్దఅంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కి, నగరాన్ని పక్కన పెట్టి, ఎక్కడా బ్రేకు వేయకుండా ఇంటి దగ్గరకు వచ్చి దిగుతాడు. బైకు మీద వచ్చేవాడు హయత్‌నగర్, వనస్థలిపురం, ఎల్బీనగర్, ఉప్పల్, తార్నాక, సికింద్రాబాద్, బాలానగర్ అన్నీ ఒకదాని తర్వాత ఒకటిగా దాటాలి. తెల్లవారుజామున బయలుదేరితే రద్దీ ఉండదు కదా అని సలహా ఇచ్చేవారు వెళ్లేటప్పటి సంగతే చెబుతున్నారు. వచ్చేటప్పటి సంగతి వేరు. ఆదివారం సాయంత్రం పంతంగి టోల్‌గేటు దాటిన దగ్గర నుంచి ఇల్లు చేరేదాకా రోడ్డు ఎలా ఉంటుందో ఆ దారిన వచ్చే ప్రతివారికీ అనుభవమే. పొద్దుటి నుంచి నాలుగైదు వందల కిలోమీటర్లు నడిపి, నడుము పట్టేసి, మణికట్లు లాగుతున్న వేళ, ఆర్టీసీ బస్సుకూ ఆటోకూ మధ్య ఇరుకులో మొదటి గేరులో ముందుకు తోస్తూ రావలసినప్పుడు ఆ రెండు బండ్ల మధ్య ఉన్న 45 కిలోల తేడా బ్రోషరులో కనిపించిన 45 కిలోలలా ఉండదు. గాలితోనూ ఆయిలుతోనూ చల్లబడే 650 ఇంజను కదలని ట్రాఫిక్‌లో మే నెల ఎండకు తోడై తొడల దగ్గర విడిచే వేడిని ఏ జీన్సూ ఆపలేదు. హిమాలయన్‌ది లిక్విడ్ కూలింగ్. దాని ఫ్యాను కూడా వేడిగాలిని కొడుతుంది నిజమే, కానీ ఒకే సిలిండరు, తక్కువ బరువు, ఎత్తు నుంచి ముందున్న వాహనాల వరసను చూడగలిగే వీలు, ఈ మూడూ కలిసి ఆ చివరి గంటను భరించదగినదిగా చేస్తాయి. టూరు నగరం దాటాక మొదలవుతుందని అనుకునేవారు దానికి ముందూ వెనుకా ఉన్న ఈ రెండు గంటలను లెక్కలోకి తీసుకోవడం లేదు.

ఔటర్ సర్వీసు రోడ్డు ఉంది కదా అనవచ్చు. ఉంది. ఒకచోట నున్నగా సాగి, మరుసటి ఊరి దగ్గర గుంతలుగా మారి, ఇసుక లారీల నుంచి రాలిన కంకరతో, ఎదురు దిశలో వచ్చే ట్రాక్టర్లతో, ఎవరు ఎప్పుడు వేశారో తెలియని ఎత్తైన స్పీడ్ బ్రేకర్లతో అది నిండి ఉంటుంది. సూపర్ మీటియర్ వెనుక సస్పెన్షన్ కదలిక 101 మిల్లీమీటర్లు, హిమాలయన్‌ది ముందూ వెనుకా 200 మిల్లీమీటర్లు. ఒంటరిగా వెళ్లేవాడికి ఈ తేడా కొంత తెలుస్తుంది, వెనుక భార్యనో స్నేహితుడినో కూర్చోబెట్టుకుని సంచులు కట్టుకున్నవాడికి పూర్తిగా తెలుస్తుంది. గుంత రాబోతున్నప్పుడు నడిపేవాడు కళ్లతో చూసి, ఫుట్‌రెస్టుల మీద లేచి, కుదుపును కాళ్లతో తీసుకోగలడు. క్రూయిజర్‌లో కాళ్లు ముందుకు ఉంటాయి కనుక ఆ వీలు అతనికీ ఉండదు, వెనుకనున్నవారికి ఏ బండిలోనూ ఉండదు. బండి కొనేముందు వెనుక కూర్చోబోయేవారిని టెస్ట్ రైడుకు తీసుకువెళ్లని ఇళ్లే మనలో ఎక్కువ. తీసుకువెళ్లి, షోరూము ముందున్న తారు రోడ్డు మీద కాకుండా సర్వీసు రోడ్డు మీద ఐదు కిలోమీటర్లు తిప్పితే ఈ వ్యాసం చదవవలసిన పని ఉండదు.

అవతలి పక్షానికీ బలం ఉంది. నాలుగు వరుసల 44వ నంబరు జాతీయ రహదారి మీద కర్నూలు, అనంతపురం మీదుగా బెంగళూరు వెళ్లేవారికి జంట సిలిండర్ల ఇంజను ఇచ్చే నిబ్బరం ఒంటి సిలిండర్ ఇవ్వలేదు. ఓవర్‌టేక్ చేయడానికి గేరు మార్చవలసిన అవసరమే పెద్దగా ఉండదు. హిమాలయన్ ఇంజను 3,000 ఆర్‌పీఎం లోపల మందకొడిగా ఉంటుంది కనుక నగరంలో దానికి గేర్లు ఎక్కువ మార్చాలి. సీటు ఎత్తు 5 అడుగుల 4 అంగుళాల మనిషిని ఇబ్బంది పెడుతుంది. సూపర్ మీటియర్‌కు మొదటి నుంచీ అల్లాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్ టైర్లు ఉన్నాయి, హిమాలయన్‌కు తొలుత ట్యూబు టైర్లే వచ్చాయి. ఇవన్నీ ఒప్పుకుంటాను. అయితే ఈ వాదనలన్నీ శంషాబాద్ దాటిన తర్వాతే పూర్తిగా పనిచేస్తాయి.

పైగా ఇక్కడి నుంచి వారాంతాల్లో వెళ్లే దారులన్నీ 44వ నంబరు రహదారిలా ఉండవు. శ్రీశైలం దారి తుక్కుగూడ, కడ్తాల్, కల్వకుర్తి, డిండి మీదుగా మన్ననూరు చేరి, అక్కడి నుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో మలుపులు తిరుగుతూ దోమలపెంట ఘాట్ దిగుతుంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అడవి గేటు మూసి ఉంటుంది కనుక వేళకు చేరాలనే తొందర కూడా తోడవుతుంది. అనంతగిరి కొండలకు వెళ్లే చేవెళ్ల దారిలో అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల మేర, రోడ్డును ఆనుకున్న మర్రి చెట్ల మధ్య, విస్తరణ ఏళ్ల తరబడి నలిగిన దారి. ఇవి బరువైన క్రూయిజర్‌ను మలుపు మలుపుకూ వంచి లేపవలసిన దారులు, పక్కకు దిగవలసి వస్తే మట్టిలోకి దిగవలసిన దారులు. వీటిలో 47 పీఎస్‌ను పూర్తిగా వాడుకునే అవకాశం ఎవరికీ రాదు.

ఇక్కడ ఒక పెద్ద ప్రశ్న వేయకుండా ఉండలేను. 2025 సెప్టెంబరు 22 నుంచి అమలైన జీఎస్టీ మార్పుల్లో 350 సీసీ దాకా ఉన్న బైకులపై పన్ను 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. ఆపై సామర్థ్యం ఉన్నవాటికి, సెస్సుతో కలిపి 31 శాతంగా ఉన్నది, 40 శాతమైంది. మనం చెప్పుకుంటున్న రెండు బండ్లూ ఆ 40 శాతం గదిలోనే ఉన్నాయి. అంటే 350 సీసీ దాటిన బైకు మామూలు ద్విచక్ర వాహనం కాదనీ, అది విలాస వస్తువనీ ప్రభుత్వం ఒక గీత గీసింది. పన్ను వసూలు చేసేటప్పుడు అంత స్పష్టంగా కనిపించే ఆ గీత, ఔటర్ మీదికి ఎక్కే ర్యాంపు దగ్గరకు వచ్చేసరికి మాయమవుతుంది. అక్కడ 650 సీసీ బండీ, కూరగాయల మూట కట్టిన మోపెడూ ఒకటే. విలాసవంతుడి పన్ను కట్టించుకుని సర్వీసు రోడ్డు చూపించడం ఏ న్యాయం ప్రకారం సమర్థనీయమో ఎవరైనా చెప్పాలి.

దీనికి వచ్చే జవాబు భద్రత. 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో మరణించినవారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనదారులేనని కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క. ఆ సంఖ్యను తేలిగ్గా తీసుకోను. కానీ ఔటర్ నుంచి దింపేసినంత మాత్రాన రైడర్ ప్రయాణం మానుకోడు. అదే దూరాన్ని డివైడర్ లేని రెండు వరుసల రోడ్డు మీద, ఎదురొచ్చే లారీకి మూరెడు దూరంలో, కూడలి కూడలికీ అడ్డొచ్చే వాహనాల మధ్య ప్రయాణిస్తాడు. ఎదురుగా వాహనమే రాని రోడ్డును ప్రమాదకరమని మూసి, ఎదురుగా అన్నీ వచ్చే రోడ్డును అతనికి వదలడం భద్రత ఎలా అవుతుంది? వేగాల్లో తేడాయే భయమైతే దానికి సామర్థ్యం ప్రకారం గీత గీసిన దేశాలున్నాయి. జపాన్ ఎక్స్‌ప్రెస్ వేల మీదికి 125 సీసీ దాటిన బైకులను అనుమతిస్తారు. ఇటలీలో నడిపేది వయోజనులైతే పెట్రోలు బండికి 120 సీసీ ఉంటే చాలు. మన దగ్గర మాత్రం వరస నిషేధం వైపే సాగుతోంది. 2023 ఆగస్టు 1 నుంచి బెంగళూరు–మైసూరు ఎక్స్‌ప్రెస్ వే ప్రధాన మార్గం నుంచి కూడా ద్విచక్ర వాహనాలను తొలగించారు.

2023లోనే ఔటర్ పక్కన నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు ప్రాంతాల్లో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేసి, దానిపైన సోలార్ పలకలతో కప్పు కట్టారు. మంచి పనే, సైకిలుకు నీడ దొరకడం మీద నాకు అసూయ లేదు. ఒక వర్గం వాహనాలకు ప్రత్యేకంగా దారి ఇవ్వాలనుకుంటే స్థలమూ డబ్బూ దొరుకుతాయని మాత్రం దాన్నిబట్టి తెలుస్తోంది. ఇప్పుడు ప్రాంతీయ రింగ్ రోడ్డు రాబోతోంది. దాని ఉత్తర భాగం సంగారెడ్డి నుంచి తూప్రాన్, గజ్వేల్, భువనగిరి మీదుగా చౌటుప్పల్ దాకా సుమారు 160 కిలోమీటర్లు. ఆ దారికి భూములు ఇస్తున్న రైతు ఇంటి ముందు నిలిపి ఉండేది కారు కాదు, బైకు. దాని మీద ఏ వాహనాలకు అనుమతి ఉంటుందో, సామర్థ్యం ప్రకారం గీత గీసే వీలుందో లేదో, రోడ్డు పూర్తయి బోర్డులు పెట్టాక కాకుండా డిజైను దశలోనే ప్రజల ముందు తేల్చాలి. రైడింగ్ బృందాలు ఆదివారం టిఫిన్ ప్రయాణాల మీద పెట్టే శ్రద్ధలో కొంత ఈ డిమాండు మీద పెట్టినా బాగుంటుంది.

అంతవరకు కొనుగోలుదారు చేయవలసినది ఇది. హిమాలయన్‌లో ట్యూబ్‌లెస్ స్పోక్ చక్రాల వేరియంటునే తీసుకోండి. సర్వీసు రోడ్డు మీద మేకు దిగినప్పుడు చక్రం ఊడదీయించుకుని కూర్చోవడం కంటే అదనంగా పెట్టే సొమ్ము నయం. కాళ్లు పూర్తిగా అందనివారు తక్కువ ఎత్తు సీటు వేయించుకుని నడిపి చూశాకే బుక్ చేయాలి. 17 లీటర్ల ట్యాంకు ఉంది కనుక, లీటరుకు 25 కిలోమీటర్లు వేసుకున్నా శ్రీశైలం వెళ్లివచ్చే దూరంలో చాలావరకు ఒక్క ట్యాంకుతోనే గడిచిపోతుంది, దారిలో ఒకసారి పెట్రోలు పోయించుకుంటే చాలు. శంషాబాద్‌లోనో కొత్తూరులోనో ఇల్లుండి, ప్రయాణాలన్నీ బెంగళూరు వైపే సాగేవారికి మాత్రం నా వాదన వర్తించదు, వారు నిస్సంకోచంగా సూపర్ మీటియర్ కొనుక్కోవచ్చు.