తోక మీద శత్రువు, తెర మీద స్టటర్

1944లో స్పిట్‌ఫైర్ అనే బ్రిటిష్ యుద్ధవిమానాన్ని కూల్చాలంటే ఎదుటివాడికి ఎత్తు కావాలి, సూర్యుడు వాడి వీపు వెనక ఉండాలి, గురి కుదరాలి. డీసీఎస్ అనే కంప్యూటర్ విమానయుద్ధపు ఆటలో ఇవేమీ అక్కర్లేదు. స్పిట్‌ఫైర్ నడిపేవాడి తెర పావు సెకను ఆగితే చాలు.

లెక్క వేసుకోండి. గంటకు 300 మైళ్ల వేగంలో ఉన్న విమానం పావు సెకన్లో 33 మీటర్లు పోతుంది. అంటే స్పిట్‌ఫైర్ రెక్కల వెడల్పుకు దాదాపు మూడింతలు. ఆ 33 మీటర్లలో ఏం జరిగిందో మన పైలట్‌కు తెలియదు. వెనకున్న జర్మన్ మెసర్‌ష్మిట్‌ను నడిపేవాడు వేరే ఇంట్లో, వేరే కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. వాడి తెర నూనె రాసినట్టు నడుస్తోంది. ఆ కే-4 రకం మెసర్‌ష్మిట్ ముక్కులోని 30 మిల్లీమీటర్ల ఫిరంగి నిమిషానికి 600 పైచిలుకు గుండ్లు వదులుతుంది. పావు సెకన్లో రెండు వచ్చేస్తాయి, మూడోది దారిలో ఉంటుంది. తెర మళ్లీ కదిలేసరికి మన పైలట్‌కు ఒక రెక్క తక్కువైంది.

"ఒరేయ్, వెనకున్నాడు, తిప్పరా అని అరుస్తూనే ఉన్నా కదా!" అన్నాడు హెడ్‌సెట్లో జోడీ విమానం వాడు.

"తిప్పానురా. ల్యాగ్!"

మన పైలట్ పేరు అడక్కండి. ప్రతి స్క్వాడ్రన్‌లోనూ ఇలాంటివాడు ఒకడుంటాడు. లేని చోట ఇద్దరుంటారు.

ముందు ఆ మాట సంగతి తేల్చాలి. ఎదుటి విమానం ఒక చోట మాయమై ఇంకో చోట తేలితే అది ల్యాగ్, నెట్ కనెక్షన్ వ్యవహారం. మన కాక్‌పిట్టు, గడియారం ముల్లు, మేఘాలు, ఆకాశం అన్నీ కలిసికట్టుగా కొయ్యబారితే అది స్టటర్, మన డబ్బాలోని వ్యవహారం. ఈ తేడా తెలియక మన పైలట్ మొదటి వారమంతా రౌటర్‌ను ఆపి, ఆన్ చేసి, ఆపి గడిపాడు. రౌటర్ ఏమీ అనలేదు.

రెండో వారం ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకు తెర మీద పడే ఫ్రేములు (బొమ్మలు), లెక్క పెట్టాడు. డీసీఎస్‌లో కుడి కంట్రోల్‌తో పాజ్ నొక్కితే మూలన అంకె వస్తుంది. 58, 59, 60. "బ్రహ్మాండంగా ఉందే!" అనుకున్నాడు. ఇక్కడే అందరూ పడతారు. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు. పది సెకన్లలో ఒక్కసారి 250 మిల్లీసెకన్లు ఆగిపోయినా, మిగతా 9.75 సెకన్లలో 585 ఫ్రేములు వచ్చేస్తాయి. ఆగిందాన్ని కలిపితే 586. సగటు 58.6. ప్రాణం పోయిన ఫ్రేము ఒకటే, దాని పేరు కూడా లెక్కలో కనబడదు. అందుకే చూడాల్సింది ఎఫ్‌పీఎస్ కాదు, ఒక్కో ఫ్రేముకు ఎంతసేపు పట్టిందో చూపే ఫ్రేమ్ టైమ్ గీత. క్యాప్‌ఫ్రేమ్‌ఎక్స్ లాంటి ఉచిత సాధనం ఆ గీతను గీసిపెడుతుంది. గీత చదునుగా ఉంటే 45 ఎఫ్‌పీఎస్‌తో కూడా హాయిగా పోరాడొచ్చు. గీత మీద తాటిచెట్లు మొలిస్తే 120 ఉన్నా దండగే.

గీత చూసే ఓపిక మన పైలట్‌కు లేదు. ఆ శనివారం రాత్రి ఇల్లు పీకి పందిరేశాడు. ఒక్క కూర్చోవడంలో పద్నాలుగు సెట్టింగులు మార్చాడు. నీడలు తగ్గించాడు, మేఘాలు తగ్గించాడు, చెట్లు కనబడే దూరం కోసేశాడు, బొమ్మ అంచుల్ని నునుపు చేసే ఎంఎస్‌ఏఏ 4ఎక్స్ తీసి, చిన్న బొమ్మను పెద్దది చేసి చూపే డీఎల్‌ఎస్‌ఎస్ పెట్టాడు. ఎవరో చెప్పారని, ర్యామ్ చాలనప్పుడు డిస్కు మీద వాడుకునే విండోస్ పేజ్‌ఫైల్ తీసేశాడు, ఇంకెవరో చెప్పారని గ్రాఫిక్స్ డ్రైవర్ మార్చాడు. అద్దం కూడా తీసేశాడు. ఈ అద్దం సంగతి చెప్పుకోవాలి. స్పిట్‌ఫైర్ కాక్‌పిట్ మీదుండే ఆ చిన్న అద్దంలో వెనకదృశ్యం చూపించాలంటే ఆట ప్రపంచాన్ని ఇంకోసారి గీయాలి. తీసేస్తే నిజంగానే ఫ్రేములు పెరుగుతాయి. వెనకున్నవాడు మాత్రం కనబడడు, కాల్చేదాకా.

మర్నాడు పొద్దున ఎగిరితే ఆట మరీ తడబడింది. ఎక్కడపడితే అక్కడ ఆగింది. కారణం ఉంది. డ్రైవర్ మారినా, ఆట కొత్త అప్‌డేట్ తీసుకున్నా షేడర్లు, అంటే బొమ్మకు వెలుగునీడలు దిద్దే చిన్న ప్రోగ్రాములు, మళ్లీ కొత్తగా తయారవ్వాలి. మొదటిసారి పొగ కనబడినప్పుడు ఒక కుదుపు, మొదటి పేలుడుకు ఒక కుదుపు. రెండోసారికి ఉండవు. అప్‌డేట్ తర్వాత కూడా అవి పోకపోతే, ఆట మూసేసి, సేవ్డ్ గేమ్స్ కింద డీసీఎస్ ఫోల్డర్లో ఉండే ఎఫ్‌ఎక్స్‌ఓ, మెటాషేడర్స్2 అనే రెండు ఫోల్డర్ల లోపలున్నవి చెరిపేయాలి. ఆ తర్వాత మొదటి లోడింగ్ బాగా నెమ్మదిగా సాగుతుంది, కంగారు పడకూడదు. మన పైలట్ కంగారుపడి, మధ్యలో ఆటను చంపి, మొత్తం ఆటనే తీసేసి మళ్లీ దించుకోవడం మొదలుపెట్టాడు. వంద జీబీలు దాటిన ఆట. ఆ ఆదివారం శత్రువులకు సెలవు.

పేజ్‌ఫైల్ తీసేసిన ఫలితం సోమవారం తెలిసింది. 32 జీబీ ర్యామ్ ఉంది కదా, ఇంకా ఎందుకు అనిపిస్తుంది. పెద్ద మల్టీప్లేయర్ మిషన్ దాన్ని మింగేస్తుంది. మిగిలింది పెట్టుకునే చోటు లేకపోతే ఆట తడబడటం కూడా మానేసి నేరుగా డెస్క్‌టాప్ మీద దించేస్తుంది. పేజ్‌ఫైల్‌ను విండోస్‌కే వదిలేయండి. అది ఎస్‌ఎస్‌డీ మీద ఉందో లేదో చూసుకోండి, చాలు.

పద్నాలుగు మార్పుల తర్వాత ఒక సంగతి మాత్రం ఖాయమైంది: ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో ఆయనకు ఈ జన్మలో తెలియదు. జోడీవాడికి విసుగొచ్చింది.

"అన్నీ వెనక్కి పెట్టు. ఒక్కటే మిషన్, ఒక్కటే దారి, ఒక్కటే వాతావరణం. ఒక్కోసారి ఒక్కటే మార్చు. నువ్వు చేసేది రిపేరు కాదు రా, పూనకం."

సరే, వెనక్కి పెట్టారు. ముందు ఇరుకు ఎక్కడుందో తెలియాలి. రిజల్యూషన్ బాగా తగ్గించి చూడాలి. ఎఫ్‌పీఎస్ ఎగిరి గంతేస్తే గ్రాఫిక్స్ కార్డుకు బరువెక్కువైనట్టు. చెక్కుచెదరకపోతే సీపీయూ దగ్గర ఆగినట్టు. అప్పుడు యాంటీ ఎలియాసింగ్ (అంచుల నునుపు) ఎంత తగ్గించినా బొమ్మ అసహ్యమవ్వడం తప్ప ఒరిగేదేమీ లేదు. మన పైలట్‌కు చెక్కుచెదరలేదు. "కానీ టాస్క్ మేనేజర్లో సీపీయూ 15 శాతమే చూపిస్తోందిగా!" అన్నాడు. చూపిస్తుంది. పదహారు థ్రెడ్ల (ఒకేసారి నడిచే పని వరసల) ప్రాసెసర్లో ఒక థ్రెడ్ నూటికి నూరు పని చేస్తే మొత్తం మీద వచ్చేది 6.25 శాతం. పదహారు మందిలో ఒకడు గొయ్యి తవ్వుతుంటే పదిహేను మంది గట్టు మీద నిలబడి చూస్తున్నట్టు. 2023 మార్చిలో మల్టీథ్రెడింగ్ వచ్చాక డీసీఎస్ ఆ గట్టు మీద వాళ్లలో కొందరికి పార ఇచ్చింది గానీ, ప్రధాన థ్రెడ్ అలసట ఇంకా ప్రధాన థ్రెడ్‌దే. మిషన్లో వందల కొద్దీ ట్యాంకులు, లారీలు పెట్టిన మహానుభావుల్ని అది ఎప్పటికీ క్షమించదు.

ఇంతలో ఒక దొంగ దొరికాడు. టాస్క్ మేనేజర్లో మెమరీ స్పీడ్ 2133 అని ఉంది. కొన్న ర్యామ్ మీద 3600 అని ముద్ర. బయోస్‌లో, ర్యామ్‌ను దాని ముద్ర వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ అనే మీట ఆన్ చేయకపోతే డీడీఆర్4 ర్యామ్ చాలాసార్లు ఇలాగే, కొన్ననాటి నుంచీ నిద్రమత్తులోనే పనిచేస్తుంది. ఆన్ చేశాక సగటు పెరిగింది, గీత కాస్త చదునైంది. మన పైలట్ విజయగర్వంతో టేకాఫ్ తీసుకున్నాడు. రన్‌వే సగం దాటాడో లేదో, తెర ఆగింది. కదిలేసరికి విమానం గడ్డిలో ఉంది.

రెండో అనుమానితుడు గ్రాఫిక్స్ మెమరీ. 8 జీబీ కార్డు మీద టెక్స్చర్లన్నీ (వస్తువుల పైపూత బొమ్మలు) హైలో పెట్టి, ఫ్రాన్స్ తీరంలోని నార్మండీ మ్యాప్ మీద ఎగిరితే కార్డు జ్ఞాపకం నిండిపోతుంది. పొంగినది మదర్‌బోర్డు మీదున్న ర్యామ్‌లోకి పోతుంది. అక్కడినుంచి తెచ్చుకోవడం పక్క ఇంటి బావి నుంచి నీళ్లు మోయడమే. దాని లక్షణం తేలిగ్గా పట్టుకోవచ్చు: మొదటి ఇరవై నిమిషాలు బాగుంటుంది, తర్వాత తల తిప్పినప్పుడల్లా కుదుపు. టెరైన్ (నేల) టెక్స్చర్లను 'లో' అనే తక్కువ స్థాయికి దించడం మొదటి మందు. అది చాలకపోతే మామూలు టెక్స్చర్లు మీడియం. మన పైలట్ దించాడు. కార్డులో ఖాళీ ఏర్పడింది. టేకాఫ్‌లో తెర ఆగడం ఆగలేదు.

ఫ్రేములను తెర లయకు కట్టేసే వి-సింక్ తీశాడు. అది తీయడం మంచిదే. 60 హెర్ట్జ్ తెర మీద మామూలు వి-సింక్ పెడితే, ఫ్రేము 17 మిల్లీసెకన్లు పట్టిన పాపానికి తర్వాతి వంతు దాకా, అంటే 33 దాకా, గుమ్మంలో నిలబెడుతుంది. 60 కాస్తా ఒక్కసారిగా 30 అవుతుంది. ఫ్రేముల వేగానికి తానే లయ మార్చుకునే జీ-సింక్, ఫ్రీసింక్ ఉన్న తెరకైతే ఫ్రేములకు కాస్త కింద హద్దు పెట్టాలి, 144 హెర్ట్జ్‌కు 141 చొప్పున. అన్నీ చేశాడు. టేకాఫ్, తెర ఆగింది, గడ్డి.

ఇక్కడ జోడీవాడు అడగాల్సిన ప్రశ్న అడిగాడు. "ఎప్పుడు ఆగుతోంది?"

"ఎప్పుడూ!"

"ఎప్పుడూ కాదు. ఎప్పుడు?"

స్టటర్‌కు ఒక లయ ఉంటుంది. అది పట్టుకుంటే సగం పని అయినట్టే. సరిగ్గా లెక్కపెట్టినట్టు సమాన విరామాలతో వస్తుంటే వెనకాల ఏదో ప్రోగ్రాం వంతుల వారీగా తలుపు తడుతోంది: ఫైళ్లను క్లౌడ్‌కు పంపేది, యాంటీవైరస్, కీబోర్డు రంగులు మార్చే సాఫ్ట్‌వేర్. నేల దగ్గరికి దిగితేనే వస్తే చెట్లు, ఊళ్లు. గంట గడిచేకొద్దీ ముదిరితే వేడి, లేదా మెమరీ. జెట్లలో అయితే కాక్‌పిట్ తెరల రిజల్యూషన్ కూడా చూడాలి. మన పైలట్ కాగితం తీసి రాశాడు. టేకాఫ్‌లో వస్తోంది. పోరాటంలో వస్తోంది. ఇంగ్లిష్ ఛానల్ సముద్రం మీదుగా తిన్నగా అరగంట పోయినప్పుడు రావట్లేదు. ల్యాండింగ్‌లో వస్తోంది.

"ఎయిర్‌ఫీల్డ్ దగ్గర భవనాలు, పోరాటంలో పేలుళ్లు. అన్నీ గ్రాఫిక్సే," అని తీర్పు చెప్పి, కొత్త కార్డు కొనడానికి సిద్ధపడ్డాడు.

"ఆగు. ఒంటరి మిషన్లో ఒక పోరాటం చెయ్యి. దాని ట్రాక్ దాచుకుని రీప్లే చూడు."

డీసీఎస్ ట్రాక్ అంటే వీడియో కాదు. మన చేతులు చేసినవి రాసుకుని, యుద్ధాన్ని మళ్లీ మొదటినుంచీ నడిపిస్తుంది. ఎక్కువసేపటి ట్రాకులు దారి తప్పి, గెలిచిన పోరాటంలో మనల్ని కొండకు గుద్దిస్తాయి గానీ, ఐదు నిమిషాలదానికి పనికొస్తుంది. ఎగిరినప్పుడు తొమ్మిదిసార్లు ఆగింది. రీప్లేలో అవే విమానాలు, అవే పేలుళ్లు, అవే భవనాలు. ఒక్కసారి కూడా ఆగలేదు. మొదటి ఎగురుడు గీత తీసి చూస్తే ఇంకో వింత: తాటిచెట్టు మొలిచిన ప్రతిచోటా గ్రాఫిక్స్ కార్డు వాడకం దభీమని పడిపోయింది. అంటే దానికి పని ఎక్కువై ఆగట్లేదు. పని అందక చేతులు కట్టుకుని కూర్చుంటోంది.

కాక్‌పిట్లో ఉన్నది, రీప్లేలో లేనిది ఏమిటి?

"నువ్వు," అన్నాడు జోడీవాడు.

స్పిట్‌ఫైర్‌కు టేకాఫ్‌లో ఎడమకు లాగే జబ్బుంది. కుడి పెడల్ గట్టిగా తొక్కి పట్టుకోవాలి. వెనక శత్రువు పడినప్పుడు కూడా మనిషన్నవాడు తొక్కుతాడు, అదీ ప్రాణభయంతో తొక్కుతాడు. ఆ తొక్కుడుకు రడ్డర్ పెడల్స్ నేల మీద రెండు అంగుళాలు వెనక్కి జరుగుతున్నాయి. యూఎస్‌బీ వైరు బిగుసుకుని, బల్ల కింద వేలాడుతున్న పాత హబ్‌లో ప్లగ్గు ఒక్క క్షణం ఊడి మళ్లీ అంటుకుంటోంది. విండోస్‌కు అది పాత చుట్టం వెళ్లిపోయి కొత్త చుట్టం రావడం. ఆటకేమో కొత్త పరికరం వచ్చిందని కంట్రోళ్లన్నీ మళ్లీ ఎంచి చూసుకోవడం. ఆ ఎంపిక అయ్యేదాకా తెర ఆగుతుంది. పరికరం ఊడినప్పుడు విండోస్ బుద్ధిగా శబ్దం చేస్తూనే ఉంది, స్పీకర్లలో. మన పైలట్ హెడ్‌సెట్ పెట్టుకుని, స్పీకర్లు కట్టేసి, మెర్లిన్ ఇంజిన్ మోతలో ఉన్నాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, కాలి కింద స్టటర్‌ను పెట్టుకుని నార్మండీ అంతా వెతికాడు.

వైద్యం పావుగంట. వైరును హబ్ నుంచి తీసి నేరుగా మదర్‌బోర్డు వెనక పోర్టుకు, ఒక జానెడు వదులుగా. పెడల్స్ కింద జారని రబ్బరు చాప, వెనక గోడకు ఆనించిన చెక్క. డివైస్ మేనేజర్లో యూఎస్‌బీ రూట్ హబ్ ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ కింద, కరెంటు ఆదాకు పరికరాన్ని ఆపేయనిచ్చే టిక్కు తీసేయడం; ఇది ఈ జబ్బుకు అక్కచెల్లెలి వరసయ్యే ఇంకో జబ్బుకు మందు. డీసీఎస్ కంట్రోల్స్ పేజీలో హాట్ ప్లగ్‌ను డిసేబుల్ చేసే మీట కూడా ఉంది. అది నొక్కితే ఆట మధ్యలో పరికరాల కోసం వెతకదు. ప్లగ్గు మళ్లీ ఊడితే మాత్రం పెడల్స్ కూడా చచ్చిపోతాయి, కాబట్టి చాప వేశాకే.

అద్దం తిరిగి పెట్టాడు. మేఘాలు తిరిగి వచ్చాయి. టేకాఫ్‌లో కుడి పెడల్ నేలమట్టం తొక్కాడు, తెర ఆగలేదు, విమానం రన్‌వే మీదే ఉంది. పన్నెండు వేల అడుగులకు ఎక్కాడు. ఫ్రేమ్ టైమ్ గీత చెరువు నీళ్లలా ఉంది.

"ఒరేయ్, వెనకున్నాడు!"

అద్దంలో మెసర్‌ష్మిట్ స్పష్టంగా కనబడింది, ముక్కు దగ్గర మెరుపు కూడా. ఈసారి ఆ 33 మీటర్లూ కళ్లారా చూశాడు. మొదటి గుండు రావడం, రెండోది రావడం, రెక్క విడిగా పోవడం. ఒక్క ఫ్రేము కూడా తప్పిపోలేదు.

"ఇప్పుడేమంటావ్?" అన్నాడు జోడీవాడు.

హెడ్‌సెట్లో కాసేపు ఏమీ వినబడలేదు.

"రౌటర్ చూడాలి రా," అన్నాడు మన పైలట్.