ఏ కాగితమైనా ఒకటే అనకండి

తుపాకీలో వాడే పోతపోసిన సీసపు గుండుకు కాగితం చుట్టడం గురించి కొత్తవారు ఎప్పుడు అడిగినా ముందుగా దొరికే సమాధానం ఇది: "ఏ కాగితమైనా పరవాలేదు, చుట్టడం వస్తే చాలు." ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. చుట్టడం ఎవరికైనా కొద్ది రోజుల్లో పట్టుబడుతుంది. కాగితం సరైనది కాకపోతే మాత్రం ఎంత చెయ్యి తిరిగినవారు చుట్టినా గుండు గురికి చేరదు. అప్పుడు తప్పు తుపాకీదనో తుపాకీ మందుదనో గుండు పోసే అచ్చుదనో అనుకుంటూ నెలలు గడిపేవాళ్లు ఉన్నారు. వాళ్లకు ఆ సలహా ఇచ్చినవారు బాధ్యత తీసుకుంటారా?

అసలు ఆ కాగితం చేసే పనేమిటో చూడండి. సీసం మెత్తటి లోహం. వేగంగా వెళ్తూ ఉక్కు గొట్టాన్ని నేరుగా ఒరుసుకుంటే అది గొట్టం లోపల పూతలా అంటుకుంటుంది. ఆ తర్వాత వచ్చే ప్రతి గుండూ ఆ పూత మీదుగానే వెళ్లాలి. మామూలు పోత గుండుకైతే ఒంటి చుట్టూ గాళ్లు పెట్టి వాటిలో మైనమో కొవ్వో నింపుతారు. కాగితం చుట్టే గుండు ఒళ్లు నున్నగా ఉంటుంది. సీసానికీ ఉక్కుకూ మధ్య నిలబడేది ఆ రెండు చుట్ల కాగితమే. గొట్టంలో ఉన్నంతసేపూ అది చిరగకూడదు, జారకూడదు. మూతి దాటిన క్షణంలో మాత్రం పూర్తిగా ఊడి రాలిపోవాలి. ఒక్క ముక్క అంటుకుని వెళ్లినా గుండు తూకం తప్పి పక్కకు పోతుంది. అంత గట్టితనమూ అంత తొందరగా వదిలే గుణమూ ఒకే కాగితంలో కావాలి. ఏదో ఒక కాగితం ఆ పని ఎలా చేస్తుంది?

మందం సంగతి లెక్కతోనే తేలిపోతుంది. 45 క్యాలిబర్ తుపాకీనే, అంటే గొట్టం లోపలి వ్యాసం 0.45 అంగుళం ఉన్నదాన్నే తీసుకుందాం. గుండును గిరగిరా తిప్పడానికి గొట్టం లోపల మెలికగా గాళ్లు కోసి ఉంటాయి, వాటి మధ్య ఎత్తుగా మిగిలినవే గట్లు. గొట్టం లోపల గట్టు నుంచి ఎదుటి గట్టుకు సుమారు 11.43 మిల్లీమీటర్లు, గాడి అడుగు నుంచి ఎదుటి గాడి అడుగుకు 11.63. కాగితం రెండు చుట్లు చుడితే గుండుకు ఇటు రెండు పొరలు, అటు రెండు పొరలు చేరతాయి. అంటే వ్యాసం నాలుగు పొరల మేర పెరుగుతుంది. 0.05 మిల్లీమీటర్ల కాగితమైతే పెరిగేది 0.2. ఒంటి వ్యాసం 11.43 ఉన్న గుండు సరిగ్గా 11.63 అయి గాళ్లను నింపుతుంది. అదే గుండుకు ప్రింటర్‌లో వాడే, చదరపు మీటరుకు 80 గ్రాములు తూగే కాగితం చుట్టండి. దాని మందం దాదాపు 0.1, కాబట్టి వ్యాసం 0.4 పెరిగి 11.83కు చేరుతుంది. అది తూటా కూర్చునే గదిలోకి దూరదు, లేదా బలవంతంగా దూరుతుంది. బలవంతంగా దూరితే పీడనం ఎటు పోతుందో చెప్పలేం. ఇది గురికి సంబంధించిన విషయం మాత్రమే కాదు, కళ్లకూ చేతులకూ సంబంధించిన విషయం. కాగితం మార్చారంటే మందు మోతాదును మళ్లీ కింది నుంచి మొదలుపెట్టాల్సిందే.

ఇక్కడే ఇంకో గందరగోళం ఉంది. కాగితం కట్ట మీద రాసి ఉండే గ్రాముల అంకె బరువును చెబుతుంది, మందాన్ని కాదు. ఒకే బరువున్న రెండు కాగితాల్లో ఒకదాన్ని ఇనుప రోలర్ల మధ్య బాగా నొక్కి ఉంటే అది పల్చగా ఉంటుంది, రెండోది ఉబ్బుగా ఉంటుంది. మందం కొలిచే పరికరం మైక్రోమీటర్ తీయండి. ఒక్క పొరను కొలవకండి, అంత పల్చటిదాన్ని కొలిచేటప్పుడు చేతి ఒత్తిడే తేడా తెస్తుంది. పది పొరలు పేర్చి కొలిచి పదితో భాగించండి. కట్ట మారిన ప్రతిసారీ మళ్లీ కొలవండి. అచ్చు ఇంకా కొనకపోతే మీ అదృష్టం. ముందు కాగితం నిర్ణయించుకోండి, ఆ తర్వాతే దానికి సరిపడే అచ్చు చేయించుకోండి. అందరూ దీన్ని తలకిందులుగా చేస్తున్నారు.

ఇక పీచు. నా దృష్టిలో అసలు విషయం ఇదే. "పాతకాలంలో దొరికిన కాగితమే చుట్టారు కదా" అనేవారు ఒక సంగతి మర్చిపోతున్నారు. బ్రిటిష్ సైన్యపు 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ తుపాకీ నాటికి కాగితమంటే ప్రధానంగా నూలు, నార గుడ్డపేలికల నుంచి తీసిన గుజ్జే. కలప గుజ్జు కాగితం విస్తృతంగా వచ్చింది ఆ తర్వాతి దశాబ్దాల్లో. అప్పటివారికి చేతికందిన కాగితం కూడా పొడవైన పీచున్న కాగితమే. ఈనాడు చేతికందేది పొట్టి పీచు, దాని సందుల్లో తెల్లదనం కోసం నింపిన సుద్ద. పేరు ఒకటే, వస్తువు వేరు. సిపాయిల తిరుగుబాటుకు ముందు, 1857 ఫిబ్రవరిలో బెంగాల్‌లోని బారక్‌పూర్‌లో ఎన్‌ఫీల్డ్ కొత్త తూటాల మీద జరిగిన విచారణలో సిపాయిలు చెప్పిన మాటలు చూడండి. మనం కొవ్వు గురించే చదువుకుంటాం కానీ వాళ్ల అనుమానం కాగితం మీద కూడా. ఇది మునుపటి కాగితంలా లేదు, బిరుసుగా ఉంది, చింపితే గుడ్డలా చిరుగుతోంది, కాల్చితే చిటపటమంటోంది అన్నారు. తూటా కాగితంలో తేడాను వేళ్లతో పట్టుకున్న మనుషులు వాళ్లు. మనం మైక్రోమీటర్ పక్కన పెట్టుకుని కూడా ఏదైనా ఒకటే అంటున్నాం.

1871లో బ్రిటిష్ సైన్యం తీసుకున్న మార్టినీ-హెన్రీ తుపాకీకి వాడింది 480 గ్రెయిన్ల (సుమారు 31 గ్రాముల) బరువున్న, కాగితం చుట్టిన గుండే. 1874లో న్యూయార్క్ దగ్గరి క్రీడ్‌మూర్ కాల్పుల మైదానంలో అమెరికా, ఐర్లండ్ జట్లు 800, 900, 1000 గజాల దూరాల్లో పోటీపడ్డాయి. అమెరికా 934, ఐర్లండ్ 931. అంత దూరాన మూడే మూడు పాయింట్లతో గెలుపోటములు తేలిన ఆ తరం కాగితాన్ని నిర్లక్ష్యం చేసి ఉంటుందని నేను నమ్మను.

కాబట్టి నా మాట ఇది: నూరు శాతం నూలు పీచుతో చేసిన పల్చటి కాగితం దొరికితే కళ్లు మూసుకుని తీసుకోండి. అది దొరకకపోతే ఉల్లిపొరలా పల్చగా ఉండే మంచి 'ఆనియన్‌స్కిన్' కాగితం. దాన్నీ పరీక్షించాకే. ఒక ముక్కను నీళ్లలో ముంచి తీసి రెండు చేతులా మెల్లగా లాగండి. గుజ్జైపోతే అక్కడితో దాని కథ ముగిసింది. సాగి నిలబడితే పనికొస్తుంది. తడి ముక్కను బల్ల మీద పెట్టి గుండును దాని మీద దొర్లించేటప్పుడు మంచి కాగితం ఎలా ప్రవర్తిస్తుందో గమనించండి. అంచు లేవదు, ముడత పడదు, వేలి కింద కాస్త సాగి సీసాన్ని అంటిపెట్టుకుంటుంది. అడుగున మిగిలిన కొసను లోపలికి మడిచి తెల్లవారే దాకా ఆరనిస్తే మద్దెల తోలులా బిగుసుకుంటుంది. జిగురు అక్కర్లేదు. జిగురు లేనిదే నిలబడని కాగితం మూతి దగ్గర ఊడిపోవడానికీ మొరాయిస్తుంది.

పీచు వాలు కూడా చూడాలి. యంత్రం మీద చేసిన కాగితంలో పీచులు ఎక్కువగా ఒకే దిక్కుకు పరుచుకుని ఉంటాయి. ఆ దిక్కున చింపితే తిన్నగా చిరుగుతుంది, అడ్డంగా చింపితే వంకరలు పోతుంది. తడిస్తే పీచు పొడవుకన్నా లావు ఎక్కువగా పెరుగుతుంది కాబట్టి కాగితం వాలుకు అడ్డంగానే ఎక్కువ సాగుతుంది, ఆరినప్పుడు అటే ఎక్కువ ముడుచుకుంటుంది. అందుకే పీచు గుండు పొడవునా ఉండేలా కత్తిరించాలన్నది నా పక్షం. బిగింపు బాగుంటుంది, గట్లు నిలువునా కోసినప్పుడు తేలిగ్గా విడిపోతుంది కూడా. దీనికి ఎదురు వాదించేవారితో నాకు పేచీ లేదు. కనీసం వాళ్లు వాలు చూస్తున్నారు.

నిగనిగలాడే పత్రికల కాగితం దగ్గరికి వెళ్లకండి. దాని పూతలో ఉండే బంకమన్నూ సుద్దా ఉక్కుకన్నా మెత్తనివే, వాటితో గొట్టం అరిగిపోతుందని నేను భయపెట్టను. తెల్లదనం కోసం కొన్నిటిలో కలిపే టైటానియం డయాక్సైడ్ మాత్రం మామూలు ఉక్కుకు దీటైన గట్టి ఖనిజం. పైగా ఆ పూత కాగితాన్ని సరిగా తడవనివ్వదు, పీచుకు బలమూ ఇవ్వదు. వంటలో వాడే సిలికాన్ పూత కాగితానిదీ అదే తంతు, నీళ్లు పీల్చుకోదు. వార్తాపత్రిక కాగితం సంగతి చెప్పనే అక్కర్లేదు.

పొడవు విషయంలో కక్కుర్తి పడవద్దు, ఎక్కువా పెట్టవద్దు. పైన చెప్పిన 11.43 మిల్లీమీటర్ల గుండుకు 0.05 కాగితం రెండు చుట్లు రావాలంటే లెక్క ప్రకారం సుమారు 72 మిల్లీమీటర్లు కావాలి. తడిసి సాగుతుంది కాబట్టి కొంచెం తగ్గించి చూసుకోవాలి. కొసలు ఏటవాలుగా కత్తిరించి, ఒకదాని పక్కన ఒకటి ఆనేలా చుట్టాలి. ఒకదాని మీద ఒకటి ఎక్కితే అక్కడ గుండుకు బొడిపె వచ్చినట్టే.

ఇంత చేశాక ఎవరి మాటా నమ్మాల్సిన పని లేదు, నా మాట కూడా. కాల్పులన్నీ ఆగి, తుపాకీ ఖాళీ చేసి, మైదానంలోకి వెళ్లవచ్చని చెప్పాక మూతి ముందు కొన్ని అడుగుల మేర నేల మీద వెతకండి. గట్ల మేరకు నిలువునా తెగిన సన్నటి పట్టీలు దొరికితే ఆ కాగితాన్నే ఉంచుకోండి. తెగని పెద్ద ముక్కలు దొరికితే కాగితం మరీ మొండిది, లేదా గుండు గట్లను సరిగా పట్టడం లేదు. అంచులు మాడి చిల్లులు పడి ఉంటే గొట్టంలోనే చిరిగింది. అప్పుడు గొట్టం లోపలికి వెలుతురు పెట్టి సీసం అంటిందేమో చూసి, అంటి ఉంటే పూర్తిగా తీశాకే ఇంకో కాగితంతో మొదలుపెట్టండి.