చెల్లని పదీ, చెల్లే పాండా

మొన్న దేవరకొండ పోయే బస్సులో కండక్టరుకు పది రూపాయల బిళ్ల ఇచ్చాను. ఆయన చెయ్యి చాపలేదు. బిళ్ల వైపు చూసి, నా వైపు చూసి, మళ్లీ బిళ్ల వైపే చూసి, "నడువది సార్, నోటియ్యి" అన్నాడు. పది రూపాయల బిళ్లలు పద్నాలుగు రకాలున్నాయని, పద్నాలుగూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లోనే ప్రకటించిందని విన్నవించుకున్నాను. "రిజర్వు బ్యాంకు నా బస్సెక్కది గద సార్" అన్నాడు. పక్క సీట్లో బత్తాయిల సంచి ఒళ్లో పెట్టుకున్న పెద్దమనిషి కూడా ఆయన పక్షమే. సింహాల ముద్ర, సత్యమేవ జయతే అన్నీ ఉన్న ఆ బిళ్ల తలదించుకుని నా జేబులోకి తిరిగొచ్చింది.

అదే రాత్రి మా ఇంట్లో ఇంకో బిళ్లకు జరిగిన మర్యాద చూశాక ఈ నాలుగు మాటలు రాయక తప్పలేదు.

మా బావ, అంటే మేనత్త కొడుకు, మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు లెక్కలు చూస్తాడు. కొన్నేళ్లుగా ఆయన కలెక్టర్. ఆ మాట ఆయనదే. నాణేలు కలెక్ట్ చేస్తాడు కాబట్టి కలెక్టరట. ఆ సంగతి మా వీధిలో పాకినప్పుడు ఇద్దరు రైతులు ధరణిలో ఎక్కని భూమి కాగితాలు పట్టుకుని వచ్చారు. వాళ్లను బావ గౌరవంగా కూర్చోబెట్టి, మేపుల్ లీఫ్ అనే కెనడా నాణెం చూపించి పంపించాడు.

ఆ రాత్రి బావ ముందు చేతులు కడుక్కున్నాడు. తర్వాత తువ్వాల పరిచాడు. ఫ్యాను బంద్ చేయించాడు. పిల్లల్ని రెండడుగులు వెనక్కి జరిపాడు. అప్పుడు సంచిలోంచి డబ్బా, డబ్బాలోంచి సంచి, ఆ సంచిలోంచి గుండ్రటి ప్లాస్టిక్ బిళ్ల తీశాడు. లోపల వెండి మీద ఒక ఎలుగుబంటి లాంటిది కూర్చుని వెదురు నములుతోంది. చైనా వాళ్ల పాండా. బంగారు పాండా 1982లో, వెండిది 1983లో వచ్చాయని, బొమ్మ ఏటా మారుస్తారని బావ చెప్పాడు. 2002లో మాత్రం ముందటేటి బొమ్మనే మళ్లీ వేశారు. ఒకటే బొమ్మ ఉంచుదామనుకుంటే కలెక్టర్లు ఊరుకోలేదట. ఇన్ని కోట్ల జనాభాలో పాండా మొహం మారలేదని బాధపడినవాళ్లుండటం, ఆ బాధను ప్రభుత్వం ఆలకించడం నన్ను కదిలించింది. మా కాలనీలో నల్లా మారలేదని పదేళ్లుగా బాధపడుతున్నాం.

పాండా విషయంలో ఒక్కటి మాత్రం మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. ప్రపంచమంతా ఔన్సుల్లో నాణేలు కొడుతుంది. ఔన్సంటే 31.1 గ్రాములు. మన లెక్కలో మూడు తులాలు, పైన చిల్లర. ఆ చిల్లర కంసాలి దగ్గర ఎప్పుడూ మాయమవుతుంది కాబట్టి లెక్క తెగదు. చైనా 2016లో ఔన్సును వదిలేసి పాండాను 30 గ్రాములు చేసింది. కచ్చితంగా మూడు తులాలు. బీజింగ్‌లో ఎవరో ప్రకాశం బజార్‌లో బంగారం కొన్నవాళ్లు ఉండి ఉంటారు.

తర్వాత బావ ఒక్కొక్క దేశాన్నీ తువ్వాల మీదికి దింపాడు. అమెరికా వాళ్ల సిల్వర్ ఈగిల్, 1986 నుంచి కొడుతున్నారు, మూడు తులాల పైచిలుకు వెండి, మీద మాత్రం ఒక డాలర్ అని రాసి ఉంటుంది. ఆ డాలరిచ్చి కొనడానికి పోతే తరిమేస్తారు. మెక్సికో వాళ్లు ఇంకా తెలివైనవాళ్లు, లిబర్టాడ్ మీద ధరే రాయరు. దక్షిణాఫ్రికా క్రూగర్‌రాండ్ 1967 నాటిది, దాని మీదా ధర ఉండదు. బావ దగ్గర బంగారు క్రూగర్‌రాండ్ లేదు, దాని ఫోటో ఉంది. తులం లక్ష దాటిన రోజుల్లో ఫోటోకే రెండు చేతులూ అడ్డం పెట్టి చూపించాడు. ఎర్రగా ఉందేమిటంటే, "ఇరవై రెండు క్యారెట్లు, రాగి కలుస్తది" అన్నాడు. అంటే 916. అంటే మా ఊళ్లో పెళ్లికి పెట్టే బంగారమే. ఇంట్లో ఉన్నదాన్నే చూడ్డానికి జొహానెస్‌బర్గ్ దాకా పోయినట్టయింది.

ఇంతలో గోడ పక్కన మంచం మీదున్న మా నాయినమ్మ లేచి కూర్చుంది.

ఆమెకు తొంభైకి దగ్గర. నిజాం కాలపు హాలీ సిక్కాలు, ఇంగ్లిషోళ్ల కల్దార్లు రెండూ చేత్తో లెక్కపెట్టిన మనిషి. ఏడు హాలీలకు ఆరు కల్దార్లనే లెక్క ఇప్పటికీ నిద్రలో అడిగినా చెబుతుంది. హాలీలు 1959లో పూర్తిగా బంద్ అయ్యాయి గానీ ఆ సంగతి ఆమె లెక్కలకు ఇంకా అందలేదు. "గదేందిరా, ఇటియ్యి" అని బావ చేతిలోంచి ఒక బిళ్ల తీసుకుంది. అది ఆస్ట్రియా వాళ్ల ఫిల్‌హార్మోనిక్. మీద వయొలిన్లు, ఇంకా ఏవేవో వాయిద్యాలు, ఒక బ్యాండు మేళమంతా చెక్కి ఉంది. నాయినమ్మ దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని చూసి, ఎవరూ ఆపేలోగా షాబాద్ బండ మీద వేసింది.

టక్ మంది.

"మోగుతలేదురా. వెండి గాదు" అని తీర్పిచ్చింది.

"అమ్మమ్మా! ప్లాస్టిక్ల ఉంటే ఎట్ల మోగుతది?" బావ గొంతు పైకి రాలేదు.

"అయితే తియ్యి బిడ్డా ప్లాస్టిక్కు."

"తీస్తే విలువ పోతది!"

ఈ మాట దగ్గర పాఠకులు కాసేపు ఆగాలి. ప్లాస్టిక్ తీస్తే విలువ పోయే వెండిని నా జీవితంలో అదే మొదటిసారి చూడటం. బావ వివరించాడు. అమెరికాలో నాణేలకు మార్కులు వేసే కంపెనీలు ఉన్నాయి. పీసీజీఎస్ 1986లో, ఎన్జీసీ 1987లో మొదలయ్యాయి. నాణేన్ని పంపిస్తే భూతద్దంలో చూసి, ఒకటి నుంచి 70 దాకా మార్కులేసి, ప్లాస్టిక్‌లో సీలు చేసి తిరిగి పంపిస్తారు. 70కి 70 వస్తే డిస్టింక్షన్. 69 వచ్చిందంటే ఎక్కడో ఒక గీత ఉన్నట్టు. కంటికి కనిపించని ఆ గీత ధరలో కనిపిస్తుంది. మా ఇంటర్ కాలేజీల హోర్డింగుల మీద పిల్లల ఫోటోల కింద వేసే మార్కులకూ ఈ మార్కులకూ నాకు పెద్ద తేడా కనిపించలేదు. ఒకటే తేడా, పిల్లల్ని ప్లాస్టిక్‌లో సీలు చెయ్యరు. ఇంకా.

ఈ 70 మార్కుల పద్ధతి కనిపెట్టినవాడు విలియం షెల్డన్ అనే సైకాలజిస్టు, 1949లో. పాత అమెరికా రాగి సెంట్ల కోసం మొదలుపెట్టాడు. ఆయన పోయాక తేలిన సంగతేమిటంటే, న్యూయార్క్‌లోని అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ సేకరణలోంచి మంచి సెంట్లు తీసుకుని, వాటి చోట నాసివి పెట్టి వచ్చాడట. మంచి నాణెమేదో గుర్తుపట్టడంలో ఆయన నైపుణ్యాన్ని ఎవరూ శంకించలేరు.

నాయినమ్మ ఈ పాఠమంతా విని, మంచం కింది డబ్బా లాగి, గుడ్డ మూట విప్పింది. చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ రూపాయలు ఏడు, రంధ్రాలు పొడిచి నల్లదారానికి గుచ్చినవి. బావ కళ్లు వెలిగి, రంధ్రాలు చూడగానే ఆరిపోయాయి. "బొక్క పెట్టినవేంది అమ్మమ్మా, ఖరాబు జేస్తివి గద!" నాయినమ్మ ఆశ్చర్యపోయింది. "బొక్క లేకుంటే మెడకెట్ల ఏస్కుంటర్రా?"

ఆమె అడిగినదానికి ఏ గ్రేడింగ్ కంపెనీ దగ్గరా జవాబు లేదు. మన దగ్గర నాణెం మెడలో ఉంటుంది. కాసులపేరు అనే నగ ఉన్నదే అందుకు. దేవరకొండ తండాల్లో లంబాడీ ముసలమ్మల రవికలకూ దండలకూ ఇప్పటికీ రూపాయి బిళ్లలుంటాయి, నడుస్తుంటే వాటి చప్పుడు ముందొస్తుంది. వాటికి డెబ్బైకి ఎన్ని మార్కులో తెలియదు గానీ, ఆ బిళ్లలు చూడని ఎండ లేదు.

మూటలో అడుగున ఇంకొకటుంది. ఐదో జార్జి కల్దారు, 1911. దాన్ని చూడగానే బావ మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆ ఏడాది రూపాయి మీద రాజుగారి అంగీకున్న గొలుసులో ఏనుగును చెక్కితే, తొండం పొట్టిదై అచ్చం పందిలా కనిపించిందట. జనం గోల చేస్తే దొరలు కంగారుపడి చాలా మట్టుకు కరిగించేసి, 1912లో ఏనుగుకు సరైన తొండం పెట్టించారు. అందుకే కలెక్టర్లకు ఆ 'పంది రూపాయి' అంటే ప్రాణం. బావ దాన్ని దీపం దగ్గర పెట్టి చూశాడు. ఏనుగూ లేదు, పందీ లేదు. రాజుగారి ముక్కు కూడా సగమే ఉంది. మిలమిలా మెరుస్తోంది మాత్రం.

"దీన్ని... కడిగినవా అమ్మమ్మా?"

"కడగకుంట? లక్ష్మీపూజల పెడితిమి గద. ఏటా దీపావళికి చింతపండుతోని తోముత. అరవై ఏండ్ల సంది."

బావ ఆ రాత్రి అన్నం తినలేదు. అమెరికా కంపెనీలు కడిగిన నాణేలకు మార్కులెయ్యవట, 'క్లీన్డ్' అని రాసి పక్కన పెడతాయట. మరకే మర్యాద అని అప్పుడు తెలిసింది. నాణెం నల్లబడితే దానికి 'టోనింగ్' అని పేరు పెట్టి ఎక్కువ ఇస్తారు. మా ఇంటి ఇత్తడి చెంబు మీద రెండు వేలకు తక్కువ కాకుండా టోనింగ్ ఉంది, కావలసినవాళ్లు రావచ్చు.

ఇంత దూరం వచ్చాక జిల్లా గౌరవం కోసం ఒక మాట చెప్పుకోవాలి. విదేశీ వెండి బిళ్లలు మనకు కొత్త కావు. మన నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో 1,500కు పైగా రోమన్ వెండి దీనారాలు ఒక్కచోటే దొరికాయి, చాలా మట్టుకు అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల కాలానివి. ఇండియా ఏటా మా దగ్గర్నుంచి 5 కోట్ల సెస్టెర్సులు (వాళ్ల నాణేలు) లాగేస్తోందని రోములో ప్లినీ అనే రచయిత మహాశయుడు అప్పట్లోనే మొత్తుకున్నాడు. మొత్తుకున్నదాంట్లో అక్కెనపల్లి వాటా ఎంతో ఆయన విడిగా రాయలేదు. ఆ దీనారాలను ఇక్కడి కిరాణా కొట్టువాళ్లు నడవవని తిప్పి పంపినట్టు కూడా ఎక్కడా ఆధారాల్లేవు.

ఇక ఫణిగిరి. సూర్యాపేట దగ్గరి ఆ బౌద్ధ గుట్ట మీద 2024లో తవ్వితే కుండనిండా నాణేలు, మొత్తం 3,730. ఒకవైపు ఏనుగు (తొండం సరిగానే ఉంది), ఇంకోవైపు ఉజ్జయిని గుర్తు. ఇక్ష్వాకుల కాలం నాటివి. వార్త రాగానే పాలమూరు దాకా గుప్తనిధుల బృందాలు నిమ్మకాయలు కొన్నాయని అంటారు. తీరా చూస్తే అన్నీ సీసం. రాత్రిపూట గుళ్ల వెనక గడ్డపారలతో తిరిగే ఆ దేశభక్తులకు అంతకంటే మంచి సమాధానం ఇక్ష్వాకులు ఇవ్వలేరు.

నిధుల మాట వచ్చింది కాబట్టి చట్టం కూడా. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం, నేలలో దాగి ఉన్నదేదైనా పది రూపాయల విలువ దాటితే, దొరికినవాడు కలెక్టరుకు తెలియజేయాలి. మా బావకు కాదు, నిజం కలెక్టరుకు. నా బిళ్ల సరిగ్గా పది. దాటదు. దానికి తోడు ఒక్క రూపాయి పెట్టి పాతిపెట్టి, నూరేళ్ల తర్వాత తవ్విస్తే అదే బిళ్ల నిధి అవుతుంది, పోలీసులొస్తారు, పంచనామా జరుగుతుంది, పేపర్లో పడుతుంది. బస్సులో మాత్రం నడవదు.

బయటి దేశాల వాళ్లదీ ఇదే వరస. అమెరికాలో 1933లో కొట్టిన 20 డాలర్ల బంగారు బిళ్లలను జనంలోకి వదలకుండానే కరిగించారు. కొన్ని తప్పించుకున్నాయి. వాటిలో ఒకటి 2002లో 75 లక్షల డాలర్లకు పైగా పలికింది. అప్పుడు అక్కడి సర్కారు కొన్నవాడి దగ్గర ఇంకో 20 డాలర్లు వసూలు చేసింది. ఎందుకంటే ఆ బిళ్ల ఎన్నడూ అధికారికంగా విడుదల కాలేదు కదా, దాన్ని చెల్లే నాణెం చెయ్యడానికి దాని ముఖవిలువ కట్టాలట! అదే బిళ్ల 2021లో కోటీ 88 లక్షల డాలర్లు పలికింది. మన కండక్టరు ఆ పద్ధతి ఎరుగడు, లేకుంటే నా పదిని చెల్లించడానికి ఇంకో పది అడిగేవాడు.

కెనడా వాళ్లు 2007లో వంద కిలోల బంగారంతో ఒక మేపుల్ లీఫ్ కొట్టారు. 2017లో బెర్లిన్ మ్యూజియంలోంచి దొంగలు దాన్ని కిటికీలోంచి దించి, తోపుడు బండి మీద తోసుకుపోయారు. దొంగలు దొరికారు, నాణెం దొరకలేదు. నాణేన్ని చలామణిలోకి తెచ్చింది నాకు తెలిసి వాళ్లొక్కరే.

మనవాళ్లూ తక్కువ తినలేదు. 2023లో ఎన్టీఆర్ పేరిట వంద రూపాయల నాణెం విడుదలైంది, సగం వెండి. వంద అని రాసి ఉన్న దాన్ని వేలు పోసి కొన్నారు. 1989లో కల్వకుర్తిలో ఆయన్ని ఓడించిన పాలమూరు నుంచి కూడా కొన్నారని బావ చెప్పాడు. ఓటు వేరు, వెండి వేరు.

తెల్లారి బావ వెళ్తూ నాకొక ఖాళీ ప్లాస్టిక్ డబ్బీ ఇచ్చిపోయాడు. నాయినమ్మ మీది కోపం నా మీద దయగా మారినట్టుంది. బిళ్ల సరిగ్గా పడుతుందేమోనని నా జేబులోని పదిని అందులో పెట్టాను. కొంచెం వదులైతే అడుగున దూది వేశాను. పాలప్యాకెట్ కోసం వీధి చివరి కొట్టుకు పోయి, చిల్లర తీస్తుంటే డబ్బీ బల్ల మీద పడింది. ఇదే సేటు వారం కింద ఇదే బిళ్లను వద్దన్నాడు. ఇప్పుడు రెండు చేతులతో అందుకున్నాడు. వెలుతురుకు పెట్టి చూశాడు. కళ్లద్దాలు పెట్టుకుని మళ్లీ చూశాడు.

"ఎంతకిస్తరు సార్?"

"పదికి" అన్నాను.

బేరమాడలేదు. గల్లాపెట్టె తీసి వెతికాడు. "నోటు లేదు సార్" అంటూ ఐదు చాక్లెట్లు లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు.