గళ్ళ పరీక్ష దగ్గరే ఆగిపోతున్న వైద్యం

రెండు వారాలకు మించి దగ్గు ఉంటే క్షయ పరీక్ష చేయించాలన్న నియమం మంచిదే. చిక్కల్లా ఆ పరీక్షలో ఏమీ లేదని తేలాకే మొదలవుతోంది. చెన్నై వీధులను తరతరాలుగా ఊడుస్తున్న తెలుగు కుటుంబాల్లోని కార్మికురాలు గళ్ళలో క్రిములు లేవన్న చీటీ, దగ్గు మందు సీసా పట్టుకుని ఇంటికి వెళుతుంది; మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే పిల్లికూతలు మాత్రం ఎప్పటిలాగే ఉంటాయి. వయసు మీద పడింది కదా అని ఇంటిల్లిపాదీ సరిపెట్టుకుంటారు. శ్వాసనాళాలను శాశ్వతంగా ఇరుకు చేసే సీఓపీడీ ఇలా ఏళ్ల తరబడి పేరైనా లేకుండా ముదురుతుంది.

2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ వైద్య పత్రిక ప్రచురించిన అంచనాల ప్రకారం దేశంలో సీఓపీడీ బాధితులు 1990లో 2.81 కోట్ల మంది కాగా, 2016 నాటికి 5.53 కోట్లకు చేరారు. ప్రపంచ జనాభాలో 18 శాతమున్న మన దేశం దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధుల భారంలో 32 శాతాన్ని మోస్తోంది. ఈ జబ్బు అనగానే బీడీ, సిగరెట్టు గుర్తుకు రావడం సహజం. కానీ అదే అధ్యయనం లెక్కలో మన దేశపు సీఓపీడీ భారంలో సగానికి పైగా వాయు కాలుష్యానిది, నాలుగో వంతు మాత్రమే పొగాకుది. కట్టెల పొయ్యి ముందు సగం జీవితం గడిపి, మిగతా సగం వీధి దుమ్ము పీల్చిన స్త్రీ తనకు పొగతాగే అలవాటు లేదనగానే అనుమానాన్ని అక్కడితో వదిలేయడం ఎంతమాత్రం సమంజసం కాదు.

ఎన్నూరు విద్యుత్కేంద్రాలు, మణలి పరిశ్రమలు, కొడుంగైయూరు చెత్తకుప్ప, రేవుకు వెళ్లే లారీల బారు, అన్నీ ఉత్తర చెన్నై ప్రజల వాటాకే వచ్చాయి. పీఎం 2.5 అనే అతి సన్నని ధూళికణాల వార్షిక సగటు ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు మించరాదని మన ప్రమాణం చెబుతుండగా, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన పరిమితిని 5కు కుదించింది. భోగికి పాత టైర్లు కాల్చవద్దని ఏటా హెచ్చరించే అధికారులు తక్కిన 364 రోజుల పొగ గురించీ అంత గట్టిగా మాట్లాడితే బాగుండును.

ఈ జబ్బును పట్టి ఇచ్చే స్పైరోమెట్రీ పరీక్షకు సూది అక్కర్లేదు, రక్తం అక్కర్లేదు. శ్వాసనాళాలను సడలించే మందు పీల్పించాక గొట్టంలోకి బలంగా ఊదించినప్పుడు, మొదటి సెకనులో వెలువడిన గాలి మొత్తం ఊదిన గాలిలో 70 శాతానికి తగ్గితే నాళాల్లో అడ్డు ఉన్నట్టే. సరిగా ఊదించడం తెలిసిన మనిషి మాత్రం ఉండాలి. ఆ మనిషి, ఆ పరికరం పెద్దాసుపత్రులకే పరిమితమైనంత కాలం రోజు కూలి పోగొట్టుకుని అక్కడిదాకా వెళ్లేవారు తక్కువే. వెళ్లినవారికి రాసిచ్చిన ఇన్‌హేలర్ మీద కూడా, పడితే ఇక వదలదన్న అపోహ ఒకటి. మాత్రకన్నా ఎంతో తక్కువ మోతాదు మందు నేరుగా శ్వాసనాళాలకు చేరుతుందని చెప్పి, వాడే పద్ధతిని రోగి చేత ఒకటికి రెండుసార్లు పీల్పించి చూపే ఓపిక మన ఓపీల్లో కరవు.

దారి చూపడానికి ఈ నగరానికి ఎవరి పాఠమూ అక్కర్లేదు. క్షయ రోగిని శానిటోరియంలో, అంటే ప్రత్యేక క్షయ ఆసుపత్రిలో, ఉంచనక్కర్లేదని, ఇంటి దగ్గర మందులు వాడినా అంత మంచి ఫలితమే వస్తుందని 1956లో మొదలైన మద్రాసు అధ్యయనమే లోకానికి నిరూపించింది. బీపీ, మధుమేహం మాత్రలను గడపదాకా చేర్చే 'మక్కళై తేడి మరుత్తువం' 2021 నుంచి రాష్ట్రంలో నడుస్తోంది. జాతీయ అసాంక్రమిక వ్యాధుల కార్యక్రమం సీఓపీడీని, ఉబ్బసాన్ని కూడా తన పరిధిలోకి తెచ్చుకుంది. ఇన్ని ఉండగా ప్రతి పట్టణ ఆరోగ్య కేంద్రంలో ఒక స్పైరోమీటర్, దాన్ని వాడగల నర్సు, అంతరాయం లేని ఇన్‌హేలర్ల సరఫరా అడగడం అత్యాశ అనిపించుకోదు. మొదటి విడతగా కార్పొరేషన్ తన పారిశుద్ధ్య కార్మికులందరికీ, కాంట్రాక్టు సిబ్బందితో సహా, ఏటా ఈ పరీక్షను తప్పనిసరి చేసి, ఆ రోజు జీతం కోయకుండా చూడాలి.