బూడిద బలం అంటున్నాం, పోతున్నదాన్ని చూడడం లేదు

ఒడిశాలో గుణుపూర్ నుంచి కాశీనగర్ దాకా, అటు పర్లాకిమిడి చుట్టుపక్కల, సంక్రాంతి దాటిందంటే కోత మిషన్ తిరిగిన మడుల్లో గడ్డి తగలబెట్టిన పొగ. ఫాల్గుణం వచ్చేసరికి కొండల మీద పొగ. ఎవరినడిగినా ఒకటే మాట: "బూడిద పడితే భూమికి బలం గదా!" ఈ మాటంటే నాకు చాలా కోపం. ఎందుకంటే ఇందులో పావు వంతు నిజం ఉంది. పూర్తిగా అబద్ధమే అయితే ఎప్పుడో వదిలేసేవాళ్లం.

లెక్క వేసి చూడండి. ఎకరాకు 20 క్వింటాళ్ల ధాన్యం పండితే గడ్డి కూడా దాదాపు అంతే, 2 టన్నులు. టన్ను వరిగడ్డిలో 5 నుంచి 8 కిలోల నత్రజని, 12 నుంచి 17 కిలోల పొటాషియం, కిలోకి అటూ ఇటుగా భాస్వరం ఉంటాయి. వరి మొక్క నేల నుంచి లాగిన పొటాషియంలో 80 శాతం గడ్డిలోనే ఉండిపోతుంది, గింజకు చేరేది కొంచెమే. అగ్గిపుల్ల గీస్తే నత్రజని దాదాపు మొత్తం గాలిలో కలుస్తుంది. భాస్వరంలో పావు వంతు, పొటాషియంలో ఐదో వంతు కూడా పోతాయి. ఒక్క నత్రజనే చూసినా ఎకరాకు 10 నుంచి 16 కిలోల నష్టం. 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని 20.7 కిలోలే. అంటే సగం నుంచి ముప్పావు బస్తా యూరియాను మన చేత్తో మనమే తగలేసి, మళ్లీ జూలైలో యూరియా కోసం లైన్లో నిలబడుతున్నాం.

"గాలిలోకేగా పోయింది, గాలిలో నత్రజని 78 శాతం ఉంది గదా" అంటారు కొందరు చదువుకున్నవాళ్లు. ఉంది, కానీ ఆ రూపంలో వరి వేరుకు అది అందదు. దాన్ని విడదీసి మొక్కకు పెట్టాలంటే ఫ్యాక్టరీ అయినా కావాలి, మినుము వేళ్ల మీది బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా లాంటివైనా కావాలి. పూతకొచ్చిన మినుము మొక్కను మెల్లగా తవ్వి తీసి, బుడిపెను గోటితో చిదిమి చూడండి. లోపల గులాబీ రంగుంటే పని జరుగుతోంది. తెల్లగానో పచ్చగానో ఉంటే జరగడం లేదు.

మరి మిగిలిన బూడిద? అందులోని పొటాషియం నీళ్లలో ఇట్టే కరుగుతుంది. జనవరిలో కాల్చిన మడిలో దాన్ని అందుకునే వేరు ఒక్కటీ ఉండదు. కొంత గాలికి లేస్తుంది. జూన్‌లో పడే మొదటి పెద్దవానకు మిగతాదాంట్లో కొంత గెడ్డలో (వాగులో) కలిసి, వంశధార పట్టుకుని కళింగపట్నం దగ్గర సముద్రంలోకి పోతుంది.

ఇక ఆ పావు వంతు నిజం. మన ఎర్రనేలలు చాలాచోట్ల పుల్లటివి. వాటిలోని ఇనుము, అల్యూమినియం భాస్వరాన్ని పట్టేసి వేరుకు వదలవు. బూడిద క్షారం కాబట్టి ఆ పులుపును కొంత విరుస్తుంది. సవర పెద్దల పోడు పండిందంటే అందుకు ఇదీ ఒక కారణమే. అయితే వాళ్లు రెండు మూడేళ్లు పండించి, ఆ కొండను ఏళ్ల తరబడి బీడు వదిలేసేవాళ్లు. చెట్ల వేళ్లు లోతు నుంచి పైకి లాగినదంతా ఆకై రాలి మళ్లీ నేల చేరేది. పంటను నిలబెట్టింది ఆ బీడే. బీడు గడువు కుదించేసి, నిప్పు ఒక్కదాన్నే ఆచారంగా మిగుల్చుకుంటే ఫలితం రాదు.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇప్ప చెట్టు కింద పెట్టే మంట. పువ్వు రాత్రంతా రాలుతుంది, తెల్లవారుజామునే ఏరుకోవాలి, ఎండుటాకుల్లో కనపడదు, నిజమే. అందుకని ఆకు తగలబెడతారు. ఒకసారి ఆ ఆకులో చెయ్యి పెట్టి చూడండి. పైన ఈ ఏటి ఆకు గలగలలాడుతూ ఉంటుంది. దాని కింద ఈనెలు మాత్రమే మిగిలిన, జల్లెడలాంటి పాత ఆకు. ఇంకా కింద నల్లటి పొడి మట్టి, దాంట్లో దారాల్లా తెల్లటి బూజు, అడవి వాసన. చెట్టు ఎంత జాగ్రత్త పడుతుందంటే, ఆకు రాలకముందే అందులోని నత్రజని, భాస్వరంలో దాదాపు సగం వెనక్కి లాక్కుంటుంది. మిగతా సగాన్ని ఈ బూజు, చెదలు, ఎర్రలు (వానపాములు) కలిసి వానాకాలంలో, సరిగ్గా వేళ్లు ఆకలితో ఉన్న వేళకు, కొంచెం కొంచెంగా వదులుతాయి. మంట పాకితే ఆ పైపొర పోతుంది, దాంతోపాటు కొత్తగా లేచిన ఇప్ప మొక్కలూ పోతాయి. కొన్నేళ్లకు కింద మొక్కే లేని ముసలి చెట్లు మిగులుతాయి.

చెయ్యాల్సింది పెద్ద పనేం కాదు. కొమ్మలు పరుచుకున్నంత మేర ఊడ్చి, ఆకును దిగువ వైపు వాలుకు అడ్డంగా గట్టులా పేర్చండి. వాన నీరూ ఆగుతుంది, మట్టీ ఆగుతుంది. పాత చీరో, వలో నడుమెత్తున కడితే పువ్వుకు మన్నంటదు. తునికాకు కోసం పొదలు కాల్చడమూ అంతే. పొదను కొట్టేసినా చిగురు వస్తుంది.

మడి సంగతికి వస్తే, గడ్డి పశువుకు పోతే అంతకన్నా మంచిదారి లేదు. మిషన్ వదిలిన గడ్డిని ఎత్తలేకపోతే వరసల్ని చెదరగొట్టి, కోసిన రెండు మూడు వారాల్లో, నేలలో తడి ఉండగానే 5 నుంచి 10 సెంటీమీటర్ల లోతులో దున్నేయండి. కాండం తొలిచే పురుగు కోసం కాలుస్తున్నాం అనేవాళ్లకూ ఇదే మందు, కొయ్యకాళ్లు దున్నితే లోపలి పురుగూ చస్తుంది. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, ఉభాల (నాట్ల) ముందు రోజు దాకా ఆగి అప్పుడు దున్నుతారు. వరిగడ్డిలో ఒక వంతు నత్రజనికి 60 నుంచి 80 వంతుల కార్బన్ ఉంటుంది. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు ఆ నత్రజని చాలదు, నేలలో ఉన్నదాన్ని లాగేసుకుంటాయి. నారు పసుపు పచ్చగా మారుతుంది, వేళ్లు పాడవుతాయి. "గడ్డి దున్నితే పంట పోయింది" అని మళ్లీ అగ్గిపెట్టె తీస్తారు. కనీసం రెండు మూడు వారాల ఎడం ఇవ్వండి, మొదటి దఫా యూరియా ఆలస్యం చెయ్యకండి. మడిలో కోతకు ముందే మినుము చల్లినవాళ్లకు ఈ గొడవే లేదు.

చివరగా గత్తం, అంటే పశువుల ఎరువు. పశువు తిన్న నత్రజనిలో ముప్పావు వంతో, అంతకన్నా ఎక్కువో పేడ, మూత్రాల్లో బయటికే వస్తుంది. పొటాషియంలో ఎక్కువ పాలు మూత్రంలోనే. మనమేమో పేడ ఒక్కటే ఎత్తి, మూత్రాన్ని కాలవకు వదిలేస్తాం. పశువుల సాలలో రోజూ ఇంత పొడిమన్నో చెత్తగడ్డో పరిచి, తడిసినదాన్ని పేడతోపాటు గోతిలో వేయండి. మీటరు లోతు, మీటరున్నర వెడల్పు చాలు. నిండాక పేడా మన్నూ కలిపి పైన మెత్తండి, నాలుగైదు నెలలకు మాగుతుంది. పొయ్యి బూడిద మాత్రం దానిమీద పొయ్యొద్దు, దయచేసి. క్షారం తగలగానే గత్తంలోని నత్రజని అమ్మోనియాగా మారి లేచిపోతుంది. ఆ బూడిదను కొంచెం కొంచెంగా పెరట్లో పాదులకు వేసుకోండి. గత్తం దగ్గర ముక్కు మండిందంటే పోతున్నది నత్రజనే. అక్కడికక్కడే రెండు తట్టల మన్ను పోసి కప్పేయండి.