ఫీజు లేని కేసు: బెంజమిన్ ఫెరెంజ్ రెండో జీవితం

బెంజమిన్ ఫెరెంజ్ 2023 ఏప్రిల్ 7న ఫ్లోరిడాలో చనిపోయారు. వయసు 103. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నాజీల మీద జర్మనీలో జరిగిన న్యూరెంబర్గ్ విచారణల్లో ప్రాసిక్యూటర్లుగా పనిచేసినవాళ్లలో అప్పటికి మిగిలింది ఆయన ఒక్కరే. ఆయన పేరు చెప్పగానే చాలామంది 1947 నాటి కోర్టు హాలు దగ్గరే ఆగిపోతారు. 27 ఏళ్ల కుర్రాడు, తన మొట్టమొదటి కేసులోనే 22 మంది నాజీ అధికారుల మీద నేరం రుజువు చేశాడు. గొప్ప సంగతే. కానీ ఆ తీర్పు వచ్చాక ఆయన ఇంకా 75 ఏళ్లు బతికారు. నన్ను కదిలించేది ఆ 75 ఏళ్లు.

పుట్టింది ట్రాన్సిల్వేనియాలో, పేద యూదు కుటుంబంలో. పది నెలల పసివాడిగా న్యూయార్క్ చేరారు. తండ్రికి చెప్పులు కుట్టడం వచ్చు, కానీ అక్కడ ఆ పనితో పూట గడవలేదు. హెల్స్ కిచెన్ అనే పేటలో ఒక అపార్ట్‌మెంటుకు కాపలా ఉంటూ, ఊడ్చి తుడిచే పనికి కుదిరాడు. కాపురం సెల్లార్‌లో. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో మెట్ల కింద గదిలో ఉండే వాచ్‌మన్ పిల్లల్ని తలచుకుంటే ఆ బాల్యం మనకు తేలిగ్గానే అర్థమవుతుంది. ఆ సెల్లార్ నుంచి స్కాలర్‌షిప్ సాయంతో హార్వర్డ్ లా స్కూల్‌కి, 1943లో డిగ్రీ చేతికి రాగానే సైన్యంలోకి. యుద్ధం చివర్లో బుకెన్‌వాల్డ్, మౌట్‌హౌసెన్ లాంటి నాజీ నిర్బంధ క్యాంపులకు సాక్ష్యాలు సేకరించడానికి పంపారు. అక్కడ చూసింది ఆయన్ని చివరిదాకా వదల్లేదు.

ఆ కేసు ఆయన దగ్గరికి వచ్చిన తీరు చూడండి. బెర్లిన్‌లో ఆయన కింద పనిచేసే ఒక పరిశోధకుడికి కొన్ని ఫైళ్లు దొరికాయి. ఐన్‌సాట్స్‌గ్రుప్పెన్ అనే హంతక దళాలు ఏ ఊళ్లో, ఏ రోజు, ఎంతమందిని చంపాయో రాసుకున్న నివేదికలవి. ఫెరెంజ్ లెక్కల మెషీన్ ముందేసుకుని కూడుతూ పోయారు. పది లక్షలు దాటాక ఆపేశారు. వెంటనే విమానం ఎక్కి న్యూరెంబర్గ్‌లోని పైఅధికారి టెల్ఫర్డ్ టేలర్ దగ్గరికి వెళ్లారు. కొత్త కేసుకు మనుషులూ లేరు, డబ్బూ లేదు అన్నారు టేలర్. అయితే నా పని చేసుకుంటూనే ఇది కూడా నేను చూసుకుంటాను అన్నారు ఫెరెంజ్. ఎవరూ అప్పగించని బరువుకు తనంతట తాను భుజం ఇవ్వడం ఆయనకు అక్కడే మొదలైంది.

ప్రాసిక్యూషన్ వాదన రెండు రోజుల్లో అయిపోయింది. హంతకులే రాసుకున్న కాగితాలు ఉండగా సాక్షులతో పని లేకపోయింది. 14 మందికి మరణశిక్ష పడింది, అమలైంది నలుగురికే. తీర్పు తర్వాత ఫెరెంజ్ ప్రధాన ముద్దాయి ఓటో ఓలెన్‌డార్ఫ్ దగ్గరికి వెళ్లి, నేను చేయగలిగిన సాయం ఏమైనా ఉందా అని అడిగారు. అవతలి నుంచి పశ్చాత్తాపం ఛాయ కూడా రాలేదు. ఉరి తీస్తే సరిపోదని, చట్టం అంతకన్నా ముందే అడ్డం నిలవాలని ఆయన ఆ తర్వాత జీవితమంతా వాదించారు.

ముందు బతికిబయటపడ్డవాళ్ల వైపు తిరిగారు. నాజీలు లాక్కున్న ఇళ్లు, దుకాణాలు, వారసులు కూడా మిగలని ఆస్తులు వెనక్కి రాబట్టే సంస్థను జర్మనీలోనే ఉండి నడిపారు. 1952 లక్సెంబర్గ్ ఒప్పందం వెనుక ఆయన శ్రమ కూడా ఉంది. పశ్చిమ జర్మనీ ఇజ్రాయెల్‌కు 300 కోట్ల మార్కులు, బాధితుల సంస్థకు మరో 45 కోట్ల మార్కులు ఇవ్వడానికి ఒప్పుకుంది.

వాలంటీర్ అనగానే మన ఊళ్లలో పింఛను తెచ్చి చేతికిచ్చిన మనిషో, వరదలప్పుడు అన్నం పొట్లాలు పంచిన కుర్రాళ్లో గుర్తొస్తారు. ఫెరెంజ్‌దీ అదే జాతి పని అంటాను. 50 ఏళ్ల వయసులో, బాగా నడుస్తున్న ప్రాక్టీసు నుంచి మెల్లగా తప్పుకుని, అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు కావాలని ఐక్యరాజ్యసమితి చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. ఆ కేసుకు క్లయింటు లేడు, ఫీజూ లేదు. ఏ దేశానికీ ప్రతినిధి కాదు. దురాక్రమణ అంటే ఏమిటో దేశాలు ఒక నిర్వచనానికి రావడానికి 1974 దాకా పట్టింది. ఆయన దాని మీద రెండు సంపుటాలు రాశారు. తర్వాత పావు శతాబ్దానికి గానీ కోర్టు ఒప్పందం కుదరలేదు. 2011లో, 91 ఏళ్ల వయసులో, కాంగోలో చిన్నపిల్లల చేతికి తుపాకులిచ్చిన థామస్ లుబాంగా కేసులో ప్రాసిక్యూషన్ తరఫు ముగింపు వాదనలో, ఆ కోర్టు ఉన్న హేగ్‌లో లేచి మాట్లాడారు. మరుసటి ఏడాది లుబాంగా దోషిగా తేలాడు. ఆ కోర్టు ఇచ్చిన మొదటి శిక్ష తీర్పు అది.

ఆ కోర్టును పెట్టే ఒప్పందం రోమ్‌లో ఓటింగ్‌కు వచ్చింది 1998 జులై 17న. 120 దేశాలు ఔనన్నాయి, 7 కాదన్నాయి. తటస్థంగా ఉండిపోయిన 21 దేశాల్లో భారత్ ఒకటి. ఇప్పటికీ మనం అందులో చేరలేదు. పెద్ద దేశాల పెత్తనం మీద మన అభ్యంతరాల్లో కొంత న్యాయం ఉంది, కాదనను. కానీ హేగ్‌కి వెళ్లనివాళ్లం ఇంట్లోనైనా అలాంటి నేరాలకు చట్టం రాసుకోవాలి కదా!

తెలుగువాళ్లకు జులై 17 ఇంకో రకంగానూ గుర్తుండాలి. 1985లో అదే రోజున కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాదిగా ఉన్న బొజ్జా తారకం నిరసనగా ఆ పదవి వదిలేసి బాధితుల పక్షాన నిలబడ్డారు. అలాంటి పోరాటాల తర్వాత 1989లో ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం వచ్చింది. చట్టం దానంతట అది పుట్టదు, దాని వెంట తిరిగేవాళ్లు ఉంటేనే పుడుతుంది.

ఆ తిరిగే పని మనకింకా మిగిలే ఉంది. జాతి హననాన్ని నేరంగా శిక్షిస్తామని 1959లోనే అంతర్జాతీయ ఒప్పందాన్ని ధ్రువీకరించాం. 2018 డిసెంబరులో, 1984 సిక్కుల ఊచకోతకు సంబంధించిన సజ్జన్ కుమార్ కేసులో ఢిల్లీ హైకోర్టు, జాతి హననం గానీ మానవత్వంపై నేరాలు గానీ మన క్రిమినల్ చట్టంలో లేవని, ఆ లోటు తొందరగా పూడ్చాలని స్పష్టంగా రాసింది. సరిగ్గా ఐదేళ్లకు, 2023 డిసెంబరులో, పార్లమెంటు పాత ఐపీసీని పక్కనపెట్టి భారతీయ న్యాయ సంహితను ఆమోదించింది. అందులో 358 సెక్షన్లు ఉన్నాయి. ఆ రెండు నేరాలకు ఒక్క సెక్షన్ కూడా లేదు.